సూరారం: ఆ పేర్లు ఎక్కడ రాయాలి?

బాలానగర్ నుంచి నర్సాపూర్ పోయే రోడ్డు మీద జీడిమెట్ల, షాపూర్‌నగర్ దాటితే సూరారం వస్తుంది. ఒకప్పుడు కుత్బుల్లాపూర్ మండలంలో ఒక చెరువు, కట్ట మీద మైసమ్మ, చుట్టూ పొలాలు ఉన్న ఊరు. ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఏ పక్కకు తిరిగినా కాలనీలు, గోదాములు, కంపెనీ గోడలు. పొలాలు పోయాయి గానీ కట్టమైసమ్మకు మొక్కేవాళ్లు తగ్గలేదు. లారీ డ్రైవర్ హారన్ కొట్టి దండం పెడతాడు. ఫస్ట్ షిఫ్టుకు పోయే మనిషి బండి ఆపకుండానే కుడిచేయి నుదుటికి ఆనించి సాగిపోతాడు. ఆ చేయి అలా లేపడంలో భక్తి ఎంతో భయం కూడా అంతే ఉంటుందని, ఈ రోడ్డు మీద పొద్దున ఐదున్నరకు నిలబడి చూసినవాళ్లకు అర్థమవుతుంది.

ఈ ఊరు ఇలా కావడానికి మూలం బాలానగర్‌లో ఉంది. 1961లో కేంద్ర ప్రభుత్వం ఐడీపీఎల్ అనే మందుల సంస్థను స్థాపించింది, మందుల ముడిసరుకు తయారుచేసే దాని పెద్ద ప్లాంటు ఇక్కడికి వచ్చింది. అక్కడ పని నేర్చుకున్న రసాయన నిపుణులు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డెబ్బైల నుంచి జీడిమెట్ల పారిశ్రామికవాడ విస్తరించింది. బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, బొంతపల్లి, గడ్డపోతారం కూడా పారిశ్రామికవాడలయ్యాయి. హైదరాబాద్‌కు ‘బల్క్ డ్రగ్ రాజధాని’ అని పేరొచ్చింది. ఆ రాజధానికి మనుషులు కావాలి. మెదక్ నుంచి, మహబూబ్‌నగర్ నుంచి, శ్రీకాకుళం, విజయనగరం నుంచి, తర్వాత ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చారు. వాళ్లకు అద్దె గదులు దొరికిన చోట్లలో సూరారం ఒకటి. వరుసగా పది రూములు, చివర ఒక నల్లా, రెండు బాత్రూములు, తలుపు పక్కన చెప్పులతోపాటు సేఫ్టీ షూలు. ఒక రూములో నలుగురైదుగురు. ఒకరు డ్యూటీకి పోతే ఒకరు వచ్చి అదే చాప మీద పడుకుంటారు.

ఇక్కడి ఆడవాళ్లు ‘పనికి పోయిండు’ అనడం తక్కువ. ‘డ్యూటీకి పోయిండు’ అంటారు. ‘ఓటీ ఉందంట, రాత్రికి రాడు’ అంటారు. తర్వాత ఏదో ఒక రోజు ఎవరి ఫోనుకో ‘కంపెనీల ఏదో అయిందంట’ అని ఒక మాట వస్తుంది. ఏమైందో చెప్పరు. మనిషి ఎట్లున్నాడో చెప్పరు. గేటు దగ్గరికి రమ్మంటారు.

ఆ తర్వాత జరిగేది ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. పోలీసులు, పంచనామా, గాంధీ ఆస్పత్రి మార్చురీ. పోస్టుమార్టం అయ్యాక అంబులెన్సు ఊరికి పోతుంది. శ్రీకాకుళమైతే ఒక రాత్రి ప్రయాణం, బిహార్ అయితే ఇంకా ఎక్కువ. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు: రియాక్టర్ పేలి ఇద్దరు కార్మికులు మృతి, ముగ్గురికి గాయాలు. వారం తిరక్కుండానే అతని రూములో ఆ చాప ఇంకొకరికి ఇచ్చేస్తారు. రూము ఓనరు పాపాత్ముడేమీ కాదు, ఆయనకూ అద్దె రావాలి. కానీ ఒక మనిషి ఏళ్ల తరబడి బతికిన ఊళ్లో, పని చేస్తూ ప్రాణం పోగొట్టుకున్న ఊళ్లో, అతని పేరు చెప్పేవాళ్లు వారంలోనే లేకుండా పోతున్నారు. నేను ఈ కథనం రాయడానికి కారణం అదే. దేహం సొంతూరికి పోవాలి, అది న్యాయం. పేరు మాత్రం ఇక్కడ ఉండాలి.

పని ఎలా చంపుతుందో బయటివాళ్లకు తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. బల్క్ డ్రగ్ కంపెనీలో రియాక్టర్ అంటే చాలాచోట్ల లోపల గాజు పూత పూసిన పెద్ద ఇనుప పాత్ర. అందులో టోలూన్ లాంటి సాల్వెంట్ ఉంటుంది. పైన మ్యాన్‌హోల్ మూత తీసి, బస్తా ఎత్తి పొడి పోస్తారు. దీన్ని చార్జింగ్ అంటారు. పొడి జారేటప్పుడు రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుంది. ప్లాస్టిక్ సంచి అయితే మరీ ఎక్కువ. పాత్రలోంచి పైకి లేచే ఆవిరికి కంటికి కనిపించనంత చిన్న మెరుపు చాలు. మూత దగ్గర వంగి ఉన్న మనిషి ముఖం మీదికే మంట వస్తుంది. దీన్ని ఆపడానికి ఎర్తింగ్ తీగ సరిగా బిగించడం, లోపల నైట్రోజన్ నింపడం, బస్తా విప్పకుండా మూసిన గొట్టం ద్వారా పోసే ఏర్పాటు చేయడం అనే దారులున్నాయి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే, కొత్తగా కనిపెట్టాల్సినవి కావు. రసాయన చర్యలో వేడి అదుపు తప్పడం ఇంకో రకం. చల్లార్చే నీళ్లు ఆగినా, కలపాల్సింది ఒక్కసారే కలిపినా పాత్రలో ఒత్తిడి నిమిషాల్లో పెరుగుతుంది. వ్యర్థ జలాల ట్యాంకులోకి దిగి, విషవాయువుకు ఒకరు పడిపోతే కాపాడబోయి ఇంకొకరు పడిపోవడం మూడో రకం. ఈ మూడోదానిలో చనిపోయేవాళ్లలో చాలామంది తోటివాడి కోసం దూకినవాళ్లే. వాళ్లను గుర్తుపెట్టుకోకపోతే ఇంకెవరిని గుర్తుపెట్టుకుంటాం?

కొన్ని ప్రమాదాలు మాత్రం పెద్ద వార్తలయ్యాయి. 2024 ఏప్రిల్ 3న సంగారెడ్డి జిల్లా హత్నూర మండలం చందాపూర్‌లోని ఎస్‌బీ ఆర్గానిక్స్‌లో పేలుడు జరిగి ఆరుగురు చనిపోయారు, వారిలో కంపెనీ డైరెక్టర్ ఒకరు. అదే ఏడాది ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఫార్మాలో 17 మంది. అంతకు ముందు 2022 మార్చి 23 తెల్లవారుజామున సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో మంటలు లేచి, పైఅంతస్తులో నిద్రపోతున్న 11 మంది బిహార్ కూలీలు పోయారు. పని చేసే చోటే పడుకోవాల్సి రావడం వల్ల పోయిన ప్రాణాలవి.

ఆ తర్వాత 2025 జూన్ 30.

అది సోమవారం. ఆషాఢం మొదలై గోల్కొండలో తొలి బోనం ఎత్తిన వారం. పొద్దున తొమ్మిదిన్నర ప్రాంతంలో పాశమైలారంలోని సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగింది. సూరారం నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే గంటలోపు చేరే చోటు. అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కలప గుజ్జును ఆమ్లంతో శుద్ధి చేసి, కడిగి, డ్రయ్యర్లో ఆరబెట్టి తీసే తెల్లని మెత్తని పొడి. మనం మింగే మాత్రలో అసలు మందు చాలాసార్లు కొంచెమే ఉంటుంది. దాన్ని గట్టిగా పట్టి ఉంచి, ఆకారం ఇచ్చేది ఇలాంటి పొడే. బీపీ మాత్రో షుగర్ మాత్రో రోజూ వేసుకునే ప్రతి ఇంటికీ ఆ కంపెనీలాంటి చోట పనిచేసే మనిషితో సంబంధం ఉంది.

ఈ పొడికి విషం లేదు, వాసన లేదు. గుట్టగా పోసి ఉంటే పేలదు. గాలిలో మేఘంలా లేచినప్పుడు మాత్రం ప్రతి రేణువు చుట్టూ గాలి ఉంటుంది కాబట్టి ఒక్క నిప్పురవ్వకు అంతా ఒకేసారి అంటుకుంటుంది. మూసిన గదిలో అది పేలుడవుతుంది. మొదటి పేలుడు దూలాల మీద, పైపుల మీద, తలుపు గూళ్లలో పేరుకున్న దుమ్మును లేపుతుంది. రెండో పేలుడు ఆ దుమ్ముతో జరుగుతుంది, అది చాలాసార్లు మొదటిదానికన్నా పెద్దది. అందుకే ఇలాంటి కంపెనీల్లో ఊడవడం, తుడవడం కూడా భద్రతా పనే. చీపురు పట్టిన ఆవిడ చేసేది ఇంజినీరు చేసేదానికి తక్కువ కాదు.

పాశమైలారంలో మూడంతస్తుల భవనం కూలిపోయింది. 46 మంది మరణం ఖాయమైంది. ఇంకో ఎనిమిది మంది ఏమయ్యారో ఆనవాలు దొరకలేదు. మొత్తం 54. ముఖ్యమంత్రి మర్నాడే వచ్చారు, మృతుల కుటుంబాలకు కోటి రూపాయల చొప్పున అందేలా చూస్తామన్నారు, కంపెనీ కూడా ఆ మొత్తం ప్రకటించింది. ఇవన్నీ పేపర్లలో వచ్చాయి. నా మనసులో నిలిచిపోయింది పటాన్‌చెరు ప్రభుత్వ ఏరియా ఆస్పత్రి దగ్గర నిలబడ్డ మనుషులు. దేహాలు గుర్తుపట్టే స్థితిలో లేవు. అమ్మానాన్నల నుంచి, అన్నదమ్ముల నుంచి, పిల్లల నుంచి డీఎన్‌ఏ పరీక్షకు నమూనాలు తీసుకున్నారు. కొడుకు ఉన్నాడో లేడో తల్లి రక్తం చెప్పాలి. చేతిలో ఫోను, ఫోన్లో అతని ఫొటో, ‘ఇతన్ని చూశారా’ అని అడిగేందుకు మాత్రం భాష రాదు. హిందీ వచ్చిన కానిస్టేబుల్ కనిపిస్తే చుట్టూ మూగేవారు. ఎనిమిది కుటుంబాలకు చివరికి అధికారులు చెప్పింది ఇక దొరకరని, ఊళ్లకు వెళ్లమని.

అదే ఏడాది ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ కాలువ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. వారాల తరబడి తవ్వితే ఇద్దరి దేహాలు దొరికాయి. ఆరుగురు ఆ మట్టిలోనే ఉండిపోయారు. ఒకే రాష్ట్రంలో ఒకే సంవత్సరంలో 14 కుటుంబాలకు చూసుకోవడానికి ముఖం కూడా దక్కలేదు.

దేహం లేకపోతే దుఃఖం మొదలుకాదు. మూడొద్దులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి? పిట్టకు ఎప్పుడు పెట్టాలి? భార్య మెడలో పుస్తెలు ఎవరు, ఏ ధైర్యంతో తీయమంటారు? శాస్త్రంలో దేహం దొరకనివారికి మోదుగాకులతో మనిషి ఆకారం చేసి దహనం చేసే విధి ఉంది. కానీ మనసు ఒప్పుకోదు, ‘ఎక్కడో ఆస్పత్రిల తెలివి లేక పడున్నడేమో’ అనుకుంటుంది. చట్టమూ అంతే. మామూలుగా మనిషి కనిపించకపోతే ఏడేళ్లు గడిచాకే చనిపోయినట్టు భావిస్తుంది. ప్రమాదాల్లో ప్రభుత్వం విచారించి ధ్రువీకరిస్తే ముందే పత్రం దొరుకుతుంది. ఆ పత్రం లేనిదే బ్యాంకు లేదు, బీమా లేదు, పీఎఫ్ లేదు. భర్త పోయాడని తాను నమ్మకముందే ఆ ఇల్లాలు ఆఫీసులో సంతకం పెట్టి నమ్మించాల్సి వస్తుంది. ఇంతకన్నా కఠినమైన పని ఇంకోటి నాకు తోచడం లేదు.

దేహం ఉన్నచోట ఇంకో రకం నరకం. పెద్ద కంపెనీ కాదు, పేపర్లో పెద్ద వార్త కాదు, చనిపోయింది ఒక్కరే అనుకుందాం. అప్పుడు గేటు ముందు కూర్చుంటారు. శవాన్ని గేటు ముందు పెట్టి బేరమాడుతున్నారని నగరంలో కొందరు తప్పుగా మాట్లాడతారు. అది విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. వచ్చినవాళ్లకు వకీలు లేడు, చదువు లేదు, సెలవు లేదు. అంబులెన్సు ఊరికి బయల్దేరిందంటే ఇక ఈ గేటు తెరుచుకోదని వాళ్లకు తెలుసు. వాళ్ల మాటకు విలువ ఉండేది ఆ కొన్ని గంటలే. యూనియన్ వాళ్లో, కులపెద్దో, ఊరి సర్పంచో వచ్చి మాట్లాడతారు. ఒక అంకె దగ్గర ఆగుతుంది. అప్పుడు గానీ ఏడుపు రాదు.

చట్టం చెప్పే లెక్క వేరే ఉంది, అది తెలుసుకోవడం ప్రతి రూముకూ అవసరం. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం, మరణిస్తే నెల జీతంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన ఒక సంఖ్యతో గుణిస్తారు. పాతికేళ్లకు ఆ సంఖ్య 216.91, యాభై ఏళ్లకు 153.09. అయితే 2020 జనవరి నుంచి అమలైన పరిమితి ప్రకారం జీతం ఎంత ఎక్కువ ఉన్నా 15,000 రూపాయలకు మించి లెక్కలోకి రాదు. అంటే గరిష్ఠంగా పాతికేళ్ల కుర్రాడికి 16,26,825 రూపాయలు, యాభై ఏళ్ల పెద్దమనిషికి 11,48,175. ఈ డబ్బు చేతికి ఇవ్వడం కాదు, కమిషనర్ దగ్గర జమ చేయాలి. నెల దాటితే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే సగం దాకా జరిమానా. ఇప్పుడు ఈ చట్టం సామాజిక భద్రతా కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి కోడ్‌లు అమల్లోకి వచ్చాయి.

ఈఎస్‌ఐ ఉన్నవాళ్లది మరో దారి. నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్నవాళ్లు దాని కిందికి వస్తారు. డ్యూటీలో పోతే రోజు వేతనంలో 90 శాతాన్ని ప్రాతిపదికగా తీసుకుని, అందులో ఐదింట మూడు వంతులు భార్యకు, ఐదింట రెండు వంతుల చొప్పున పిల్లలకు నెలనెలా ఇస్తారు. అందరి వాటాలు కలిపి ఆ ప్రాతిపదికను దాటితే ఆ మేరకు తగ్గించి పంచుతారు. భార్యకు జీవితాంతం, లేదా మళ్లీ పెళ్లి చేసుకునేదాకా. ఇది చిన్న మొత్తమే కావచ్చు, కానీ ఒక్కసారి చేతికొచ్చి బావమరిది అప్పుకో మామగారి పొలానికో పోయే లక్షల కన్నా ఇదే ఆ తల్లిని నిలబెడుతుందని నా నమ్మకం. అందుకే కాంట్రాక్టర్ కింద చేరిన మొదటి రోజే ఈఎస్‌ఐ బీమా నంబరు (ఐపీ నంబరు) అడగాలి. చేరిన రోజు అడిగితే ఒక్క చీటీ పని. పోయిన రోజు అడిగితే ఏళ్ల పని.

కొత్త కోడ్‌లలో పని భద్రతకు సంబంధించినదానిలో ఒక మంచి మాట ఉంది. యజమాని తప్పు వల్ల మరణం జరిగితే రెండేళ్ల దాకా జైలు, లేదా ఐదు లక్షలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వమని కోర్టు ఆదేశించవచ్చు. అమలు చేసేవాళ్లుంటే అది పనికొస్తుంది. 1984 భోపాల్ తర్వాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, తాను వాడే రసాయనం ఏమిటో తెలుసుకునే హక్కు, ప్రమాదం ముంచుకొస్తుందనిపిస్తే హెచ్చరించే హక్కు కార్మికుడికి ఇచ్చారు. దాదాపు నలభై ఏళ్లయింది. ఈ రోడ్డు మీద ఎంతమంది చేతికి ఆ రసాయనం సంగతి తమ భాషలో చెప్పే కాగితం అందింది?

ఇంట్లో జ్ఞాపకం వేరుగా ఉంటుంది. తెలంగాణ ఇళ్లలో పెత్రమాస నాడు పెద్దలకు బియ్యమిస్తారు. చేటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, అయ్యగారు అడుగుతుంటే ఒక్కొక్క పేరు చెప్తారు. తాత పేరు, ముత్తాత పేరు, వాళ్ల వెనక ముప్పై ఏళ్లు కూడా నిండని కొడుకు పేరు. పేరు చెప్పేటప్పుడు ఆ తండ్రి గొంతు అక్కడ ఆగుతుంది, పక్కనున్నవాళ్లు అందిస్తారు. అదే సాయంత్రం వీధిలో ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఉత్తరాంధ్రలో సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెడతారు. ఫొటో ముందు కొత్త లుంగీ, చొక్కా, అతనికి ఇష్టమైన వంటకం. ఈ పేర్లూ ఈ బట్టలూ ఆ ఇళ్లలో తరం దాటేదాకా ఉంటాయి. సూరారంలో మాత్రం ఏమీ ఉండదు.

ప్రపంచంలో ఏప్రిల్ 28ని పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి స్మృతి దినంగా పాటిస్తారు. 1984లో కెనడా కార్మికులు మొదలుపెట్టారు, 2003 నుంచి అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఆ రోజును గుర్తించింది. మనకు మార్చి 4 భద్రతా దినోత్సవం ఉంది. కంపెనీల్లో జెండా ఎగరేస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, బహుమతులిస్తారు. పోయినవాళ్ల ప్రస్తావన రాదు.

న్యూయార్క్‌లో 1911 మార్చి 25న ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. చాలామంది వలస వచ్చిన కుటుంబాల ఆడపిల్లలు. తలుపుకు తాళం వేసి ఉంది. వారిలో ఆరుగురు ఎవరో తేలకుండానే పూడ్చారు. వంద ఏళ్లకు, 2011లో, ఒక పరిశోధకుడు పాత పత్రికలు, రికార్డులు తిరగేసి ఆ ఆరుగురి పేర్లూ కనిపెట్టాడు. 2004 నుంచి ఏటా ఆ రోజు కొందరు సుద్దముక్కలు పట్టుకుని, చనిపోయినవాళ్లు బతికిన ఇళ్ల ముందుకు పోయి పేవ్‌మెంట్ మీద వాళ్ల పేరు, వయసు రాస్తారు. వానొస్తే పోతుంది, మళ్లీ ఏడాది రాస్తారు. ఫ్యాక్టరీ ముందు కాదు, ఇళ్ల ముందు. ఆ సంగతి చదివినప్పటి నుంచి సూరారం గల్లీల్లో వరుస రూముల ముందు సిమెంటు రోడ్డు నా కళ్లముందు మెదులుతూనే ఉంది. ముగ్గు వేసుకునే దేశం మనది. సుద్దముక్క మనకు కొత్త కాదు.

ఇది తొందరగా చేయాల్సిన పని. 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఔటర్ లోపలి పారిశ్రామిక భూములను నివాసాలకు, వాణిజ్యానికి మార్చుకునే విధానం తెచ్చింది. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ అందులో ఉన్నాయి. కాలుష్యం పోతుందంటే సూరారం జనం సంతోషిస్తారు, నేనూ సంతోషిస్తాను. ఆ కలుషిత నీళ్లు తాగినవాళ్లు, రాత్రిళ్లు ఆ వాసనలు పీల్చినవాళ్లు ఆ మాట కోసం దశాబ్దాలుగా ఎదురుచూస్తున్నారు. కానీ షెడ్డు కూల్చి టవర్ లేపితే, అక్కడ మనుషులు చనిపోయారన్న ఆనవాలు కూడా పోతుంది. నలభయ్యో అంతస్తులో ఇల్లు కొన్నవాళ్లకు కింద ఏముండేదో తెలిసే దారి ఉండదు.

పేర్లు లేవని ఎవరూ అనలేరు. ప్రాణాంతక ప్రమాదం జరిగితే యజమాని ఫ్యాక్టరీల శాఖకు తెలపాలి, అది చట్టం. పరిహారం జమ చేసిన ప్రతి కేసుకూ కార్మిక శాఖలో ఫైలు ఉంది. ఈఎస్‌ఐ దగ్గర పింఛను రికార్డు, పోలీసుల దగ్గర ఎఫ్‌ఐఆర్ ఉన్నాయి. నాలుగు ఆఫీసుల్లో ఉన్న కాగితాలను ఒకచోట పెడితే జీడిమెట్ల మొదలైన నాటి నుంచి ఒక పట్టిక వస్తుంది: పేరు, ఊరు, వయసు, చేసిన పని, కంపెనీ, తేదీ. ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే పేరు పెట్టాలి. భూమి మార్చుకోవడానికి అనుమతి అడిగే ప్రతి కంపెనీ, ఆ స్థలంలో చనిపోయినవాళ్ల పేర్లు సమర్పించాలని, వాటిని అక్కడే చెక్కించాలని ఒక షరతు చేరిస్తే సరిపోతుంది. రుసుము కట్టే ఫారంలోనే ఇంకో గడి. తెలుగులో, హిందీలో, ఒడియాలో రాయించాలి, ఎవరి భాషలో వాళ్ల పిల్లలు చదువుకునేలా.